నడుము దాకా రాజు

మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెల తిరక్కుండానే నన్నొక ప్రశ్న అడిగేవారు. “మేడం, మీది తిరువూరు కదా. ఎప్పటివో స్పెయిన్ నాటకాలతో మీకేంటి పని?” ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దానికి రకరకాల జవాబులు చెప్పాను. సెమినార్లలో ఒకటి, ఇంటర్వ్యూలలో ఒకటి, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న బంధువులకి ఇంకొకటి. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు అసలు సంగతి చెప్పడానికి అడ్డేమీ లేదు. నేను ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. ఊళ్ళోంచి బయటపడటానికి ఏదో ఒక దారి కావాలనుకున్నాను. దొరికిన దారి స్పానిష్.

అదీ కోరి ఎంచుకున్నది కాదు. విజయవాడలో బి.ఏ. అయ్యాక ఢిల్లీలో విదేశీ భాషల కోర్సుకి దరఖాస్తు పెట్టాను. నేను వెళ్ళేసరికి ఫ్రెంచిలో సీట్లు అయిపోయాయి. గుమాస్తా తలెత్తకుండానే స్పానిష్ ఉంది, కావాలా అన్నాడు. కావాలన్నాను. మా నాన్న ఖాసిం తిరువూరు బస్టాండు వెనక షెడ్డులో బస్సుల మెకానిక్కు. సీటొచ్చిందని ఉత్తరం రాస్తే షెడ్డులో అందరికీ “మా రజియా ఫారిన్ చదువు చదువుతోంది” అని చెప్పుకున్నాడట. ఏం చదువని ఎవరైనా అడిగితే మాత్రం, “అదేదో పెద్దదిలే” అని స్పానర్ తీసుకుని బస్సు కిందకి దూరిపోయేవాడట.

ఈ రంగంలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ, కమిటీల సంగతీ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి. నా పని ఏమిటో నాకు నిజంగా ఎప్పుడు అర్థమైందో అది రాస్తాను. అది స్పెయిన్‌లో జరగలేదు. డెబ్భైల మధ్యలో ఒక వేసవిలో, మా ఊరి పత్తి గోడౌనులో జరిగింది.

పావడా నిబంధన

ముందు నా సబ్జెక్టు గురించి కొంచెం చెప్పాలి.

స్పెయిన్‌లో దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట నాటకాలు ఇళ్ళ మధ్య ఉన్న ఖాళీ స్థలంలో ఆడేవారు. చుట్టూ ఇళ్ళ గోడలు, ఒక చివర వేదిక, పైన ఆకాశం. వెలుతురు ఉండగానే, మధ్యాహ్నం పూట మొదలుపెట్టేవారు. మామూలు మగవాళ్ళు నేల మీద నిలబడి చూసేవారు. ఆడవాళ్ళకి వేరే గుమ్మం, వేదికకి ఎదురుగా వేరే అర. ఆ అరకి జనం పెట్టుకున్న పేరుకి అర్థం ‘వంటపాత్ర’. అందులో అంతమందిని కుక్కేవారన్నమాట.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఆడవేషాలు మగపిల్లలు వేసేవారు. స్పెయిన్‌లో ఆడవాళ్ళే వేసేవారు. అయితే జనం అన్నిటికంటే వెర్రెత్తిపోయి చూసింది ఆడది మగవేషం వేసినప్పుడు. మాట తప్పిన ప్రియుణ్ణి వెతుక్కుంటూ ఒక యువతి మగ దుస్తులు తొడుక్కుని, కత్తి కట్టుకుని ఇల్లు దాటుతుంది. నాటకమంతా మగవాడిలా తిరుగుతుంది, తగవులు పెట్టుకుంటుంది, తీర్పులు చెబుతుంది. చివరి రంగంలో నిజం బయటపడుతుంది. మళ్ళీ పావడా కట్టుకుంటుంది. పెళ్ళవుతుంది. తెర పడుతుంది.

పెద్దలకి ఇది మింగుడు పడలేదు. నటి అయినది పెళ్ళయి ఉండాలనీ, భర్తో తండ్రో వెంట ఉండాలనీ నిబంధన పెట్టారు. మగవేషం వేయకూడదని ఇంకొకటి పెట్టారు. కథకి తప్పనిసరైతే నడుము పైకి మాత్రమే మగ దుస్తులు వేసుకోవాలనీ, కిందకి పావడా ఉండి తీరాలనీ మరొకటి పెట్టారు.

పీహెచ్‌డీకి నా గైడు ప్రొఫెసర్ మాథుర్. పొడుగ్గా, సన్నగా, ఎండాకాలంలో కూడా కోటు వేసుకునే మనిషి. ఆయనకి అచ్చులో ఉన్న మాటే దైవం. “నాటకాన్ని చివరి రంగం నుంచి వెనక్కి చదవాలి, రజియా” అనేవారు. “చివరికి పావడా కట్టిందా లేదా? కట్టింది. అంటే మధ్యలో కత్తి తిప్పిందంతా సరదా. ప్రేక్షకులకి ఆ సంగతి తెలుసు. అందుకే భయం లేకుండా నవ్వగలిగారు.”

నమ్మాను. ఆ వాదన మీదే రెండు అధ్యాయాలు రాశాను. రాస్తున్నంతసేపూ కుర్చీలో ముళ్ళున్నట్టు ఉండేది. అంతా సరదాయే అయితే ఆ నిబంధనలు ఎందుకు పెట్టారు? ఒకరోజు ఆయన్నే అడిగాను.

“అధికారులు నాటకాలు చూడరు. నిబంధనలు రాస్తారు” అన్నారాయన. నవ్వాను. నవ్వుతూనే, ఇది జవాబు కాదని అనుకున్నాను. కానీ ఇంకేం అడగాలో తెలియలేదు.

మీకు ఇక్కడే ఒక మాట చెబుతాను. మన వాదన మనకే కుదరనప్పుడు అది ఒంటికి తెలుస్తుంది. నేనైతే లైబ్రరీలో లేచి తిరిగేదాన్ని. నీళ్ళు తాగడానికని, కిటికీ మూయడానికని. లైబ్రేరియన్ ఒకసారి, “అమ్మాయ్, నువ్వు చదవడానికి వచ్చావా, కాపలా కాయడానికా?” అని అడిగాడు.

పత్తి గోడౌను

ఆ వేసవిలో సెలవులకి ఇంటికొచ్చాను. మూడో రోజుకల్లా ఊపిరాడలేదు. అమ్మ నూజివీడు సంబంధం గురించి ఒక పూట, మైలవరం సంబంధం గురించి ఇంకో పూట చెప్పేది. పుస్తకం తెరిస్తే చెమటకి కాగితం చేతికి అంటుకునేది. నాన్నకి టీ తీసుకెళ్ళే నెపంతో రోజుకి రెండుమూడుసార్లు షెడ్డు దాకా నడిచేదాన్ని. రెడ్డిగూడెం వైపు నుంచి మామిడికాయల లారీలు వరసగా వచ్చేవి. వాటి వెనక దుమ్ములో నడుస్తూ, ఢిల్లీలో ఉంటే ఇల్లు కావాలనిపిస్తుంది, ఇంట్లో ఉంటే ఢిల్లీ కావాలనిపిస్తుంది, ఇదేం రోగమో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం దారిలో ఉన్న పత్తి గోడౌనులోంచి పద్యం వినిపించింది. పత్తి సీజను అయిపోయి గోడౌను ఖాళీగా ఉంది. పద్యంలో మాటలు రాజువి. గొంతు ఆడది. టీ చల్లారిపోతున్నా గుమ్మంలో నిలబడిపోయాను.

ఊరి నాటక సమాజం వాళ్ళ రిహార్సలు అది. సమాజం పెద్ద రాఘవయ్య గారు. పెనుగొలను రైతు, ఊళ్ళో పత్తి వ్యాపారం, గోడౌను కూడా ఆయనదే. ఊళ్ళో ఏ నాటకం ఆడినా రాజు వేషం ఆయనదే అన్నట్టు సాగింది. గొంతుకి జబ్బు చేసి, పద్యాలు పాడితే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు చెప్పడంతో ఆ ఏడు మానుకున్నారు. ఊళ్ళోవాళ్ళెవరికీ ఆ వేషం ఇవ్వడం ఇష్టంలేక, నూజివీడు నుంచి మాణిక్యం గారనే నటిని పిలిపించారు. ఆడవేషాలతో పాటు మగవేషాలు కూడా వేస్తుందని ఆవిడకి పేరు.

గుమ్మంలో నన్ను చూసి రాఘవయ్య గారు దగ్గరికొచ్చారు.

“ఎవరమ్మా?”

“ఖాసిం గారి అమ్మాయినండి. ఢిల్లీలో చదువుతున్నాను.”

“ఏం చదువు?”

“నాటకాలండి.”

“నాటకాలు చదవడమేంటి? ఆడాలి గాని.”

“కాసేపు కూర్చుని చూడొచ్చాండి?”

ఆయన లోపలికి ఒకసారి చూశారు. “అంతా మగాళ్ళుంటారమ్మా. ఒక్కదానివే వచ్చి కూర్చుంటే బాగోదు. మీ నాన్ననో అన్ననో తోడు తెచ్చుకో.”

హార్మోనియం ముందు కూర్చున్నాయన మాణిక్యం గారి భర్త అని తర్వాత తెలిసింది. ఆయన రాకుండా ఆవిడ ఎక్కడికీ నాటకానికి వెళ్ళదట. పుస్తకాల్లో చదివిన నిబంధన ఎదురుగా కూర్చుని హార్మోనియం వాయిస్తోంది.

నాన్నని బతిమాలాను. “నాకు నాటకాలేంటే?” అంటూనే వచ్చాడు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ గోనెసంచుల మీద కూర్చుని, ముందు నాలుగైదు రోజులు హాయిగా నిద్రపోయాడు. తర్వాత ఎప్పుడు మొదలైందో గానీ నిద్ర మానేశాడు. ఒకరోజు ఇంటికి వెళుతూ, “ఆ రెండో పద్యం నిన్నటంత బాగా రాలేదు కదే” అన్నాడు.

మాణిక్యం గారు నలభైకి దగ్గర్లో ఉన్న చిన్నపాటి మనిషి. వేషంలో లేనప్పుడు గొంతు కూడా పెద్దగా వినిపించేది కాదు. రాజుగా మారినప్పుడు గొంతు బొంగురు చేసుకుంటుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. మాటలు నెమ్మదించేవి, అంతే. అవతలివాళ్ళు ఎదురుచూడాలని తెలిసిన మనిషిలా మాట్లాడేది.

“మగ నడక ఎట్టా నేర్చుకున్నారండీ?” అని అడిగాను.

“మగ నడకని వేరే ఉండదమ్మా. దారిలో ఎవరన్నా ఎదురొస్తే పక్కకి తప్పుకోకు. అదే వచ్చేస్తుంది.”

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర అలా నడిచి చూశాను. సైకిలాయన ఒకడు తిట్టాడు.

రాణి వేషం సుబ్బారావు మాస్టారిది. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవేషాలకి ఆయన తర్వాతే ఎవరైనా. “ఆడవాళ్ళు స్టేజీ మీదకొచ్చాక నన్ను ద్వారపాలకుణ్ణి చేసేశారమ్మా” అన్నాడు నాతో. “ఈవిడ రాజు వేస్తోంది కాబట్టి నాకు మళ్ళీ రాణి దక్కింది.” మగవాడు రాణి, ఆడది రాజు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే ఎవరూ నవ్వలేదు. రెండు నిమిషాలకల్లా నాకు రాజూ రాణీ తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

షరతు

నాటకం ఇంకో వారంలో ఉందనగా రాఘవయ్య గారు ఇబ్బందిగా లోపలికొచ్చారు. హార్మోనియం ఆగింది.

“మాణిక్యం గారూ, ఒక మాట. ఏమనుకోకండి. నాటకానికి మా కోడళ్ళొస్తారు, ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళందరూ వస్తారు. ఆడమనిషి పంచె కట్టి, కాళ్ళు కనపడేట్టు నలుగురిలో నడిస్తే బాగోదని పెద్దమనుషులు అంటున్నారు.”

“మరి రాజు ఏం కట్టుకోవాలండీ?” అందావిడ.

“పైన మీ ఇష్టం. కిరీటం పెట్టుకోండి, మీసం పెట్టుకోండి, భుజకీర్తులు కట్టుకోండి. నడుము కింద మాత్రం చీరే ఉండాలి.”

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియలేదు. నాన్న కంగారుపడి, “ఏమైందే? తేలు గాని కుట్టిందా?” అన్నాడు.

“లేదు నాన్నా. ఈ మాట నేను పుస్తకంలో చదివాను.”

“రాఘవయ్య గారి మాటలు పుస్తకంలో ఎందుకుంటాయే?”

ఏమని చెప్పను? స్పెయిన్ పేరు ఎప్పుడైనా విన్నాడో లేదో తెలియని ఒక పత్తి వ్యాపారి, ఆ దేశపు పెద్దలు రాసిన నిబంధనని మాట పొల్లు పోకుండా చెబుతున్నాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అదే భయం ఉంటే అదే షరతు దానంతటదే పుట్టుకొస్తుంది కాబోలు. అధికారులు నాటకాలు చూడరన్నారు మాథుర్ గారు. రాఘవయ్య గారు రోజూ చూస్తున్నారు. చూశారు కాబట్టే అడిగారు.

సుబ్బారావు మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. “ఇన్నేళ్ళుగా నేను చీర కట్టుకుని స్టేజీ ఎక్కుతున్నా. నడుము కింద పంచె కట్టుకోమని ఒక్కసారన్నా చెప్పారా రాఘవయ్య గారూ?”

“మీ సంగతి వేరు మాస్టారూ.”

“ఎట్టా వేరు?”

రాఘవయ్య గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయనకి కోపం రాలేదు. జవాబు కోసం నిజంగానే వెతుక్కున్నారు.

అందరూ మాణిక్యం గారి వైపు చూశారు. ఆవిడ మాత్రం భర్త మొహం చూడలేదు, ఎవరి మొహమూ చూడలేదు. “చీరే కదండీ. అట్టాగేలెండి” అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పోట్లాడుతుందనుకున్నాను. బస్టాండు దాకా ఆవిడ వెంట నడిచాను. ఆవిడ భర్త హార్మోనియం పెట్టె మోస్తూ ముందు నడుస్తున్నాడు.

“ఎందుకు ఒప్పుకున్నారండీ?”

“ఒప్పుకోకపోతే నాటకం ఉండదు. నాటకం లేకపోతే రాజూ లేడు, నేనూ లేను.” నూజివీడు బస్సు కదలబోతుంటే మెట్టెక్కి, “ఢిల్లీలో చదువుతున్నావు, ఇంత తొందరైతే ఎట్టాగమ్మా?” అని నవ్వింది.

ఆ వారం నాకు కాలు నిలవలేదు. ఆవిడ మీద కోపం, రాఘవయ్య గారి మీద కోపం. నడుము కింద చీర, పైన కిరీటంతో ఆవిడ ఎలా ఉంటుందో ఊహించుకుంటే జాలేసేది. జనం నవ్వుతారు. అప్పుడు మాథుర్ గారు చెప్పిందే నిజమవుతుంది. ఇదంతా ఉత్త సరదా.

వన్స్‌మోర్

స్కూలు గ్రౌండులో స్టేజీ కట్టారు. పొద్దు వాలగానే జనం వచ్చేశారు. మధ్యలో తాడు కట్టి ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. నేను అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. అమ్మ మామూలుగా నాటకాలకి రాదు. నాన్న ఇంట్లో పద్యాలు కూనిరాగం తీయడం విని, ఈయన్ని ఇంతగా మార్చిందేంటో చూద్దామని వచ్చింది.

నాటకం ఊళ్ళో ఒక తెలుగు పంతులు గారు రాసింది. నమ్మినవాళ్ళే మోసం చేస్తే రాజ్యం పోగొట్టుకుని, ఊళ్ళు పట్టి తిరిగి, చివరికి తన సభకి తానే అతిథిలా వచ్చే రాజు కథ.

తెర లేచింది. రాజు వచ్చాడు.

కిరీటం ఉంది, మీసం ఉంది, భుజకీర్తులున్నాయి. నడుము కింద చీర ఉంది. ముదురు ఎరుపు చీర. దాన్ని గోచీ పోసి, కుచ్చెళ్ళు వెనక్కి దోపి, పిక్కల మీదకి బిగించి కట్టింది. మా వైపు పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు కట్టినట్టే. దూరం నుంచి చూస్తే రాజుల పట్టుపంచె కట్టు. దగ్గర నుంచి చూస్తే చీర. ఆవిడ మాట తప్పలేదు.

ముందు అర్థమైంది ఆడవాళ్ళకే. మా చాపల మీద నుంచి చిన్న నవ్వు లేచింది. ఎగతాళి నవ్వు కాదు. పరాయి ఊళ్ళో మన ఊరివాళ్ళు హఠాత్తుగా ఎదురైతే వస్తుందే, అలాంటి నవ్వు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న రాఘవయ్య గారు కొంచెం ముందుకి వంగారు. మళ్ళీ వెనక్కి ఆనుకున్నారు.

సభ రంగం వచ్చింది. కుర్చీలు ఆక్రమించుకున్న మంత్రుల ముందు నిలబడి, ఒక్కొక్కడూ చేసిన ద్రోహం ఒక్కొక్క పాదంలో చెప్పి, లేవండి అంటాడు రాజు. మాణిక్యం గారు అరవలేదు. ఎప్పటిలాగే నెమ్మదిగా, వాళ్ళు లేచేదాకా ఆగుతాను అన్నట్టు పాడింది. పద్యం ముగిసింది. హార్మోనియం ఇంకా స్వరం మీదే ఉంది.

“వన్స్‌మోర్!”

పద్య నాటకాల్లో వన్స్‌మోర్లు మామూలే. కానీ అవి ఎప్పుడూ తాడుకి అవతలి వైపు నుంచే వచ్చేవి. ఈ గొంతు నా చెవి పక్క నుంచి వచ్చింది. తిరిగి చూస్తే అమ్మ. పక్కింటివాళ్ళని పిలవాలన్నా నన్ను పంపే మా అమ్మ, చాప మీద మోకాళ్ళ మీద లేచి కూర్చుని ఉంది. మగవాళ్ళు మా వైపు తిరిగారు. అమ్మ కూర్చోలేదు. ఈలోగా ఇంకో మూల నుంచి ఇంకో ఆడగొంతు, తర్వాత ఇంకా రెండు మూడు. మాణిక్యం గారు తాడు అవతల వైపు చూడలేదు. మా వైపు తిరిగి పద్యం మళ్ళీ మొదటి నుంచి పాడింది.

నాటకం అయ్యాక, మంగళహారతికి ముందు ఆవిడ మీసం తీసేసింది, కిరీటం తీసేసింది, భుజాల చుట్టూ పమిటలా ఒక గుడ్డ కప్పుకుని భర్త పక్కన నిలబడి సభకి నమస్కారం పెట్టింది. ఇదిగో, నేను ఆడదాన్నే అన్నట్టు. అచ్చం మాథుర్ గారి చివరి రంగం.

స్టేజీ పక్కన రాఘవయ్య గారు ఆవిడ దగ్గరికొచ్చారు. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. “చీర కట్టమన్నాను. చీరే కట్టారు. ఇంక నేను అనేదేముంది?” వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “ఆ పద్యం నేను పాడినప్పుడు ఒక్కరూ వన్స్‌మోర్ అనలేదమ్మా” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. తన వేషం ఇక తనకి రాదని అప్పుడే తెలిసిన మనిషి గొంతు అది. ఆయన మీద నాకున్న కోపం అక్కడే కరిగిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉంటే అడిగాను. “నిన్న ఎందుకట్టా అరిచావమ్మా?”

“ఏమోనే. మళ్ళీ వినాలనిపించింది.”

“చివర్లో ఆవిడ మీసం తీసేసి నమస్కారం పెట్టింది కదా. అప్పుడేమనిపించింది?”

అమ్మ గరిటె ఆపి ఆలోచించింది. “చివర్లోనా? తీసేసిందా? నేను చూళ్ళేదే. ఆ పద్యంలోనే ఉన్నాను.”

మాథుర్ గారు

ఢిల్లీ వెళ్ళగానే ఆయన గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కోటు గుండీ పెట్టుకుంటూ, తీస్తూ విన్నారు.

“మీ అమ్మగారు ఆధారం కాదు రజియా.”

“తెలుసు సార్.”

“మీ ఊళ్ళో జరిగినదాన్ని బట్టి వేరే దేశంలో, వేరే కాలంలో జనం ఏమనుకున్నారో చెప్పలేం.”

“అదీ తెలుసు సార్. కానీ చివరి రంగం నుంచి చదవాలని ఎవరు చెప్పారు? చూసేవాళ్ళు అలా చూడరు.”

“రుజువు తీసుకురా. లేకపోతే ఆ రెండు అధ్యాయాలూ అలాగే ఉంచు.”

ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు బాగా గుర్తుంచుకోవలసింది ఇదే. రుజువు విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. నాటకం విషయంలో సరైనది కాదు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటాయి. చాలామంది పరిశోధకులు మొదటిదానికి భయపడి రెండోదాన్ని ఒప్పేసుకుంటారు. కొందరు రెండోదాని మీద కోపంతో మొదటిదాన్ని వదిలేస్తారు. రెండు రకాలవాళ్ళ థీసిసులూ నేను తర్వాత దిద్దాను. రెండూ చదవడానికి ఓపిక కావాలి.

అంతవరకూ నేను నాటకాలే చదివాను. ఇప్పుడు నాటకాల మీద ఫిర్యాదులు చదవడం మొదలుపెట్టాను. మతపెద్దల ఉపన్యాసాలు, నగర పెద్దల ఉత్తర్వులు. స్పెయిన్ లైబ్రరీలకి రాసి మైక్రోఫిల్ములు తెప్పించుకోవాలి. నెలల తరబడి ఎదురుచూపు. ఈలోగా ఫెలోషిప్ గడువు అయిపోయింది. పగలు మైక్రోఫిల్ము యంత్రం ముందు కళ్ళు పాడుచేసుకుని, సాయంత్రం టూరిస్టు గైడులకి స్పానిష్‌లో ‘కోట అటు ఉంది, తాజమహల్ ఇటు ఉంది’ అని చెప్పడం నేర్పేదాన్ని. ఇంటి నుంచి సంబంధాల ఒత్తిడి తగ్గలేదు. ఒకసారి నాన్న ట్రంకు కాల్ చేశాడు. మానేసి వచ్చెయ్యమంటాడేమోనని భయపడుతూ రిసీవరు అందుకున్నాను. “పద్యం మధ్యలో ఆపితే బాగోదు కదా. కానియ్. మీ అమ్మకి నేను చెబుతాలే” అని పెట్టేశాడు.

కష్టపడగా కనిపించింది చిన్న సంగతే. పావడా నిబంధన ఒక్కసారి పెట్టింది కాదు. మళ్ళీ మళ్ళీ పెట్టారు, దాదాపు అవే మాటలతో. ఎవరూ పాటించని నిబంధననే మళ్ళీ మళ్ళీ రాయాల్సి వస్తుంది. ఇంకోటి, ఆ ‘వంటపాత్ర’లోని ఆడవాళ్ళ గోల మీద ఫిర్యాదులు. ఈలలు వేసేవారట, తాళంచెవులతో కటకటాల మీద చప్పుడు చేసేవారట. వాళ్ళు చివరి రంగం దాకా నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళు కాదు.

రెండు అధ్యాయాలూ చింపేసి కొత్తగా రాసి ఇచ్చాను. మాథుర్ గారు చాలాకాలం ఏమీ అనలేదు. వరండాలో ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయేవారు. ఆ రోజుల్లో ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో. కాగితాలు తిరిగొచ్చేసరికి ప్రతి పేజీలో ఎర్ర సిరా. వ్యాకరణం, అనువాదం, ఫుట్‌నోట్లు, అన్నీ దిద్దారు. వాదన మీద ఒక్క మాట లేదు.

“సార్, మీరు ఒప్పుకున్నట్టేనా?” అని అడిగాను.

“సంతకం పెట్టాను. ఒప్పుకోలేదు” అన్నారు.

తర్వాత నాకు చాలామంది పెద్దలు తగిలారు. ఒప్పుకున్నామని చెప్పి సంతకం పెట్టనివాళ్ళే ఎక్కువ. తనకి నచ్చని వాదనని అంత శ్రద్ధగా దిద్దిన మనిషి మళ్ళీ దొరకలేదు.

అంకితం

డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఢిల్లీలో ఒక చిన్న ప్రచురణకర్త థీసిసుని పుస్తకంగా వేస్తానన్నాడు. పుస్తకం మాణిక్యం గారికి అంకితమివ్వాలని నిశ్చయించుకుని, సెలవుల్లో నూజివీడు వెళ్ళాను.

చిన్న పెంకుటిల్లు. ఒక మూల మాణిక్యం గారి భర్త హార్మోనియం ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ నన్ను గుర్తుపట్టి చాప వేసింది. నాటకాలు తగ్గిపోయాయట. పిల్లలకి సంగీతం చెబుతున్నానంది. అంకితం సంగతి చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

“పేరేస్తారా? నా పేరే?”

“మీ పేరేనండి. మొదటి పేజీలో.”

ఆవిడ వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “వద్దమ్మా. మా అమ్మాయికి పెళ్ళయింది. అత్తారికి నేను సంగీతం టీచర్ననే చెప్పాం. నాటకాల మనిషినని తెలిస్తే దాన్ని మాటలంటారు.”

“అది ఇంగ్లీషు పుస్తకమండీ. ఇక్కడ ఎవరు చదువుతారు?”

“ఎవరు చదువుతారో నీకూ తెలియదు, నాకూ తెలియదు.” నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు వచ్చి అడిగావు. నాకది చాలు. వేరేగా అనుకోకు.”

నేను వాదించబోయాను. హార్మోనియం ముందు కూర్చున్న ఆవిడ భర్త తల అడ్డంగా ఊపారు. ఊరుకున్నాను.

బస్సులో తిరిగొస్తుంటే కిటికీ చువ్వ పట్టుకుని కుదురుగా కూర్చోలేకపోయాను. పాత పత్రాల్లో నటీమణుల పేర్లు ఉండాల్సిన చోట ‘ఫలానావాడి భార్య’ అనో, ఏమీ లేకుండానో ఉండేది. ఎవరో చెరిపేశారని అన్నిచోట్లా రాశాను. అది చాలావరకు నిజమే. కానీ కొన్నిచోట్ల ఆ మనిషే వద్దని ఉండొచ్చు. కూతురి కోసం, రేపటి నాటకం కోసం, ఇంట్లో ప్రశాంతత కోసం. చెరిపేసిన పేరూ, దాచుకున్న పేరూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. ఆ తేడా ఎలా పట్టుకోవాలో ఉద్యోగమంతా వెతికాను. కొన్నిసార్లు దొరికింది, ఎక్కువసార్లు దొరకలేదు. మీలో ఎవరికైనా దారి తోస్తే సంతోషం. ఇందులో నేను రాసిన మాణిక్యం అనే పేరు కూడా ఆవిడది కాదు.

అంకితం పేజీని ఖాళీగా వదిలెయ్యమని ప్రచురణకర్తకి చెప్పాను. పేరు లేకపోయినా చోటు ఉండాలనుకున్నాను. పుస్తకం పార్సిల్లో వస్తే పోస్టాఫీసు మెట్ల మీదే విప్పాను. అట్ట, టైటిల్, విషయసూచిక, మొదటి అధ్యాయం. మళ్ళీ మొదటి నుంచి తిప్పాను. ఖాళీ పేజీ లేదు. ప్రెస్సులో ఎవరో అది పొరపాటున పడిందనుకుని తీసేశారు.